సీసా నిండాక కురిసిన వాన

కిందటి వారం మనం ఇంజినీరమ్మని పంపుహౌస్ గేటు ముందు వదిలి వచ్చాం. ఆమె చేతిలో ఒక రిజిస్టరు కాపీ ఉంది, మనసులో తల్లి అన్న ఒక మాట ఉంది. పట్టణంలో మురుగు కాలవలూ వరద గోడలూ చూసే ఇంజినీరు ఆమె. రెండేళ్ల కిందటి వరద పల్లపు వీధిని ముంచేశాక పెద్ద కాలవ వెంబడి కొత్త గోడ కట్టించింది ఆమే. ఆ గోడ ఎత్తుని తేల్చింది ఒకే ఒక్క అంకె. వరద రోజున కురిసిన వాన రెండువందల మిల్లీమీటర్లు. దాన్ని కొలిచి రాసింది ఆమె మేనత్త. ముప్పై ఒక్క ఏళ్లుగా రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి వాన కొలిచే ఆవిడని ఊరంతా వానత్త అంటారు. ఆ రోజు కూడా రిజిస్టరులో టైము ఎనిమిదిన్నర అనే ఉంది. కానీ ఆదివారం సాయంత్రం తల దువ్వించుకుంటూ తల్లి మామూలుగా అంది, "ఆ పొద్దున మీ అత్త నా చెయ్యి పట్టుకుని పదకొండు దాకా కదల్లేదే" అని.

ఆ పొద్దున అత్త అమ్మ దగ్గరుందనీ, రిజిస్టరులో ఎనిమిదిన్నర అనే ఉందనీ ఆమెకు రెండేళ్లుగా తెలుసు. పక్కపక్కన పెట్టి చూసుకోవడం మాత్రం అదే మొదటిసారి.

మంగళవారం పొద్దున ఎనిమిదీ ఇరవై అయింది. వానత్త అప్పటికే పంపుహౌస్ వెనక ఆవరణలో ఉంది. నడుమెత్తు ఇనుప కంచె, లోపల పొట్టిగా కోసిన గడ్డి, మధ్యలో సిమెంటు దిమ్మ మీద వానడబ్బా. దాంట్లో పెద్ద యంత్రమేమీ లేదు. పైన గరాటు, గరాటు కింద సీసా, ఆ రెంటినీ కప్పుతూ ఒక తెల్ల డబ్బా. గరాటులో పడిన వాన సీసాలోకి దిగుతుంది. పొద్దున్నే ఆ నీళ్లు గీతలున్న గ్లాసులో పోసి చూడాలి. కొలత అంటే అంతే.

"వచ్చావా? గేటు మెల్లగా వెయ్యి, బందు ఊడేట్టుంది" అంది వానత్త తల తిప్పకుండానే.

మేనకోడలు ఇంత పొద్దున్నే ఎందుకొచ్చిందని ఆవిడ అడగలేదు. ఇంజినీరమ్మ కూడా చెప్పలేదు. ఇద్దరూ గడియారం కేసి చూస్తూ నిలబడ్డారు. ఎనిమిదిన్నర అవగానే వానత్త గరాటు ఎత్తి సీసా బయటికి తీసింది. తెల్లవారుజామున పడ్డ జల్లుకి అడుగున కాసిని నీళ్లు చేరాయి. వాటిని గ్లాసులోకి వంచి, గ్లాసుని దిమ్మ మీద పెట్టి, నీటిమట్టం కంటికి సమానంగా వచ్చేదాకా మోకాళ్లు వంచింది. అరవై ఆరేళ్ల మోకాళ్లు రెండూ టకటకలాడాయి. గ్లాసుని చేత్తో ఎత్తి చూస్తే సులువే. కానీ చెయ్యి వణికితే గీత మారుతుందని ఆవిడ ఏనాడూ అలా చూడలేదు.

"నాలుగు పాయింటు ఆరు" అంది లేస్తూ. గదిలోకి వెళ్లి, రిజిస్టరు తెరిచి, గడిలో రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టింది. ఉద్యోగం నుంచి దిగిపోయి ఎనిమిదేళ్లయినా ఈ పని మాత్రం ఆవిడ దగ్గరే ఉండిపోయింది. అడిగిన వాళ్లూ లేరు, అప్పగించుకున్న వాళ్లూ లేరు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ రిజిస్టరులో ఒక్క ఖాళీ గడి కూడా లేదు. ఆ మాటే చెప్పి, వచ్చే శుక్రవారం గోడ ప్రారంభం రోజున ఆవిడకి సన్మానం చేస్తామని మున్సిపల్ ఆఫీసు వాళ్లు ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్లారు.

వానత్త ఫ్లాస్కులోంచి రెండు గ్లాసుల్లో టీ పోసింది. ఇంజినీరమ్మ తన గ్లాసు పక్కకి జరిపి, రిజిస్టరు కాపీ బల్ల మీద పరిచి, ఒక వరస కింద వేలు పెట్టింది. ముందు రోజు పన్నెండు పాయింటు నాలుగు. మర్నాడు అరవై ఒకటి పాయింటు రెండు. మధ్యలో వరద రోజు గడిలో రెండువందలు పాయింటు సున్నా.

"వాన కూడా ఒక్కోసారి పైన చిల్లర లేకుండా కురుస్తుందే" అంది వానత్త.

మేనకోడలు నవ్వలేదు. "అత్తా, ఆ రోజు ఎనిమిదిన్నరకి నువ్వు స్కూలు మేడ మీద అమ్మ దగ్గరున్నావు" అంది.

వానత్త టీ గ్లాసు ఎత్తి మళ్లీ కింద పెట్టింది. బయట పంపుల మోత ఒకే శ్రుతిలో వినిపిస్తోంది. అబద్ధం ఆడటానికి ఆవిడ వెతుక్కుంటోందని ఇంజినీరమ్మ అనుకోలేదు. ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తోందని అర్థమై, తొందర పెట్టకుండా ఊరుకుంది.

చివరికి వానత్త మొదటినుంచీ చెప్పింది. ముందు రోజు సాయంత్రం ఏడింటికి మొదలైన వాన తెల్లవార్లూ తెరిపి ఇవ్వలేదు. ఆవిడకి కంటిమీద కునుకు లేదు. ఆరున్నరకి గొడుగు కూడా వేసుకోకుండా పంపుహౌస్‌కి వచ్చి చూస్తే సీసాలో నీళ్లు మెడ దాకా వచ్చేశాయి. ఆ సీసాలో పట్టేదే రెండువందల మిల్లీమీటర్లు. అలాంటప్పుడు ఏం చెయ్యాలో ఆవిడకి తెలుసు. నీళ్లు కొలిచి, పారబోసి, సీసా మళ్లీ పెట్టి, ఎనిమిదిన్నరకి రెండో కొలత తీసి రెండూ కలిపి రాయాలి. గ్లాసు కోసం గది తాళం తీస్తుండగా రంగుల మేస్త్రీ పరుగున వచ్చాడు. పల్లపు వీధిలోకి పెద్ద కాలవ తిరగబడిందనీ, వదినగారింట్లో మంచం కోళ్లు మునిగాయనీ చెప్పాడు.

వదినగారంటే ఇంజినీరమ్మ తల్లి. తుంటి ఎముక విరిగి అప్పటికి మూడు నెలలుగా మంచం మీదే ఉంది. ఇంజినీరమ్మ ఆ వారం ఏదో శిక్షణ కోసం వేరే ఊళ్లో ఉంది. చూసుకునే ఆవిడ వానకి రాలేకపోయింది.

వానత్త తాళంచెవి తాళంలోనే వదిలేసి వెళ్లిపోయింది. నడుం లోతు నీళ్లలో ఆవిడా మేస్త్రీ కలిసి వదినగారిని తలుపు చెక్క మీద పడుకోబెట్టి, తేలుస్తూ తోసుకుంటూ స్కూలు దాకా తీసుకెళ్లి మేడ ఎక్కించారు. ఇదంతా ఇంజినీరమ్మ వందసార్లు విన్నదే, విన్నప్పుడల్లా అత్తకి మనసులోనే దండం పెట్టుకున్నదే. అయితే ఆ కథ ఎప్పుడూ స్కూలు మేడ మీదే ఆగిపోయేది.

"మీ అమ్మ వణికిపోతోంది. నా చెయ్యి వదల్లేదు. నేనూ విడిపించుకోలేదు. ఎనిమిదిన్నర అయిందని నాకు తెలుసు. గోడ మీద గడియారం కనిపిస్తూనే ఉంది" అంది వానత్త.

వాన తొమ్మిదింటికి ఆగింది. ఆవిడ పంపుహౌస్ చేరేసరికి పదకొండు దాటింది. సీసా నిండి, పొంగి, మళ్లీ నిండుగా నిలబడి ఉంది. పొంగిన నీళ్లు మామూలుగా బయటి డబ్బాలో నిలుస్తాయి, వాటినీ కొలవచ్చు. కానీ డబ్బా అడుగు అంతకు ముందే చీలింది. మార్చమని రాసిన కాగితం ఆఫీసులో ఎవరి బల్ల మీదో ఉంది. పొంగినదంతా మట్టిలో కలిసిపోయింది. ఆవిడ సీసాలో ఉన్నదాన్ని గ్లాసు తర్వాత గ్లాసు కొలిచింది. ఇరవై చొప్పున సరిగ్గా పది గ్లాసులు. రిజిస్టరు తెరిచి రెండువందలు అని రాసింది. టైము దగ్గర ఎనిమిదిన్నర అని రాసింది. సంతకం పెట్టింది.

"పదకొండు అని రాయొచ్చు. సీసా పొంగింది, కొలత దొరకలేదు అని రాయొచ్చు. అలా రాస్తే ఆ గడి ఖాళీగా ఉన్నట్టే. అన్నేళ్లలో లేని ఖాళీ గడి. చూడలేకపోయానే. అదేమీ నీ కోసం, మీ అమ్మ కోసం చేసింది కాదు. నా కోసం చేసుకున్నాను."

ఇంజినీరమ్మ పొద్దున ఇంటినుంచి బయల్దేరినప్పుడు కోపంగానే బయల్దేరింది. తీరా ఇక్కడ కూర్చున్నాక ఎవరి మీద కోపపడాలో తెలియలేదు. ఆ పొద్దున అత్త కొలత కోసం ఇక్కడే ఉండిపోయుంటే ఇవాళ అమ్మ ఉండేది కాదు.

వానత్తే ముందు తేరుకుంది. ఒక్క రోజు అంకెకి అంత ముఖ్యం ఉందా, మిగతా ముప్పై ఏళ్ల అంకెలు సరైనవే కదా అని అడిగింది. ఇంజినీరమ్మ బల్ల మీది కాగితాన్ని వెనక్కి తిప్పి, పెన్నుతో గీసి చూపిస్తూ చెప్పింది. గోడ కట్టేటప్పుడు రోజువారీ జల్లుల్ని ఎవరూ చూడరు. ప్రతి ఏడాదీ కురిసిన అతి పెద్ద వాన ఏదో దాన్ని తీసుకుని వరసగా పేరుస్తారు. ఆ వరస చూసి, వందేళ్లలో ఒకసారి వచ్చేంత వాన ఎంత ఉంటుందో అంచనా కడతారు. వందేళ్లకోసారి అంటే ఒకసారి వస్తే మళ్లీ వందేళ్లు రాదని కాదు, ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశం ఉందని. ఆ వరసలో చివరి మెట్టు పొట్టిదైతే దాని మీద కట్టిన లెక్కంతా పొట్టిదే.

"పైగా ఆ లెక్క వేసేది పాత వానల్ని చూసి. ఇప్పటి గాలి పాత గాలి కాదు. గాలి వేడెక్కితే నీళ్లు ఎక్కువ పట్టుకుంటుంది అత్తా. ఒక డిగ్రీ పెరిగితే నూటికి ఏడు వంతులు ఎక్కువ. కురిసే రోజున ఆ ఎక్కువంతా కూడా కురిసేస్తుంది" అంది.

వానత్త తల ఊపింది. ఆ సంగతి ఆవిడకి కొత్త కాదు, కారణం తెలియదంతే. తను చేరిన కొత్తలో నాలుగు రోజులు పడే వాన ఇప్పుడు నాలుగు గంటల్లో పడుతోందని, రిజిస్టరులో వాన లేని రోజుల సున్నాలు పెరిగాయనీ, సున్నాలు లేని రోజున మాత్రం గ్లాసు మీద గ్లాసు పొయ్యాల్సి వస్తోందనీ చెప్పింది. అయితే ఆ వరద కూడా ఈ వేడి వల్లేనా అని అడిగింది.

"ఆ వానని వేడే తెచ్చిందని చెప్పలేను. వచ్చిన వానని పెంచి ఉంటుందని చెప్పగలను. అందుకే రాబోయే రోజుల కోసం లెక్కకి ఇంకో ఇరవై శాతం కలిపాం. ఊరికి మంచి పని చేశామనుకున్నాం." ఆమె పెన్ను కింద పెట్టింది. "దేనికి కలిపాం అత్తా? నీ రెండువందలకి కలిపాం."

గోడ వెనక, కాలవ పక్క లోతట్టులో, పల్లపు వీధి వాళ్ల కోసం అరవై ఇళ్లు కట్టారు. గోడ ఉందన్న ధైర్యంతోనే అక్కడ కట్టారు. శుక్రవారం గోడ ప్రారంభంలోనే వాళ్లకి ఇళ్ల తాళాలు ఇవ్వాలి. గోడ లేకపోతే నీళ్లు వచ్చినట్టే వచ్చి పోతాయి. పొట్టి గోడని దాటి లోపలికి దూకిన నీళ్లకి మాత్రం మళ్లీ బయటికి దారి ఉండదు. పంపులు లాగినంత లాగుతాయి, మిగిలినదంతా ఇళ్లలోనే నిలుస్తుంది. ఇంజినీరమ్మ ఇది చెప్పడం పూర్తిచేయక ముందే వానత్త లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, ఆవరణలోని డబ్బా కేసి చూస్తూ నిలబడింది.

మేనకోడలు వెనకనుంచి మెల్లగా ఒక మాట అంది. కొలత పరికరం పాడైందని రాస్తే చాలు. డబ్బా చీలిన మాట నిజమే కదా. టైము సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు. శుక్రవారం సన్మానం కూడా సజావుగా జరిగిపోతుంది.

"డబ్బా ఏ తప్పూ చెయ్యలేదే" అంది వానత్త. "ఇప్పుడు దాని మీదికి తోసేస్తే రేపు మిగతా అంకెల్ని ఎవరు నమ్ముతారు? పద. ముందు ఆ రోజు నిజంగా ఎంత కురిసిందో చూద్దాం. ఊళ్లో నా సీసా ఒక్కటే ఉందా?"

ఆ మాటకి ఇంజినీరమ్మ తల ఎత్తింది. పెద్ద వానలు కురిసిన చోట, కొలత పరికరం అందుకోలేనప్పుడు, ఆరుబయట ఉన్న బకెట్లూ డ్రమ్ములూ వెతికి వాన ఎంతో తేల్చడం ఉంది. ఆమె పుస్తకాల్లో చదివింది. సొంత ఊళ్లో చేయాల్సి వస్తుందని అనుకోలేదు.

తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా అత్తా మేనకోడలూ వీధి వీధీ తిరిగారు. రెండేళ్ల కిందటి వరద రోజున మీ ఇంటి బయట ఖాళీ గిన్నె గానీ, తొట్టె గానీ ఉందా అని అడుగుతుంటే జనం మొదట వింతగా చూశారు. అడిగేది వానత్త కాబట్టి నవ్వకుండా ఆలోచించారు. సైకిళ్ల షాపాయన డ్రమ్ము నిండిందన్నాడు, కానీ అది చూరు కింద ఉంది. చూరు నీళ్లు కలిస్తే వాన లెక్క తప్పుతుంది. ఒక పెద్దాయన సిమెంటు తొట్టె చూపించాడు, అది ఒక పక్కకి ఒరిగి ఉంది. ఒకావిడ తన గంగాళం నిండా నీళ్లు నిలిచాయని చాలాసేపు చెప్పాక, ముందు రోజు అందులో సగం తనే నింపిపెట్టుకున్న సంగతి గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. వానత్త అందరికీ ఓపిగ్గా సరేనంది. కాగితం మీద మాత్రం ఏదీ రాయనివ్వలేదు.

చివరికి రంగుల మేస్త్రీ ఇంటికి వెళ్లారు. అతను భోజనానికి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు, మోచేతుల దాకా పచ్చ రంగు. విషయం వినగానే, ఆ రోజు మేడ మీద అయిదు ఖాళీ రంగు బకెట్లు పెట్టానని చెప్పాడు. వాన నీళ్లు పడితే బ్రష్షులు కడుక్కోవచ్చని ముందు రోజు సాయంత్రం మబ్బు చూసి వరసగా పేర్చాడట.

"వదినగార్ని మేడ ఎక్కించి ఇంటికొచ్చేసరికి పది దాటింది అత్తా. అయిదూ అంచుల దాకా నిండి ఉన్నాయి. కదిపితే ఒలికిపోయాయి. బాగా గుర్తు, ఎందుకంటే ఇన్ని నీళ్లు చూసి వచ్చినవాడికి ఇంకా నీళ్లు కనబడితే ఏడుపొచ్చింది" అన్నాడు.

మేడ మీదికి వెళ్లి చూశారు. పైన కప్పు లేదు, చెట్టు నీడ లేదు, పక్కింటి గోడ దూరంగా ఉంది. ఆ అయిదింటిలో రెండు బకెట్లు ఇంకా అతని దగ్గరే ఉన్నాయి. ఇంజినీరమ్మ బకెట్ ఎత్తు కొలవబోయి ఆగింది. బకెట్ పైన వెడల్పు, కింద ఇరుకు. ఎత్తు చూస్తే వాన ఎక్కువైపోతుంది. లీటరు మగ్గుతో నీళ్లు పోస్తూ లెక్కపెట్టింది. ఇరవై రెండో లీటరుకి బకెట్ అంచు తాకింది. మూతి అడ్డంగా ఇరవై తొమ్మిది సెంటీమీటర్లు. నీళ్లని మూతి వైశాల్యంతో ఫోనులో భాగించి చూసుకుంది. రెండోసారి కూడా చేసింది. ఆ తర్వాత ఫోను వానత్తకి ఇచ్చింది.

మూడువందల ముప్పై మూడు మిల్లీమీటర్లు.

"ఇదీ నిండి పొంగిందే కదా" అంది వానత్త.

"అవును. తక్కువలో తక్కువ ఇది. అసలు ఎంతో తెలియదు."

మేస్త్రీ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, అన్నం తిని వెళ్లమన్నాడు. ఇంకోసారి వస్తామని చెప్పి దిగారు. మెట్ల మీద వానత్త ఒక చోట ఆగి, గోడ పట్టుకుని, ఊపిరి తీసుకుంది. ఇంజినీరమ్మ చెయ్యి ఇవ్వబోతే అక్కర్లేదంది.

మధ్యాహ్నం రెండింటికి మున్సిపల్ ఆఫీసులో పెద్ద ఇంజినీరు గదిలో ఉన్నారు. ఆయన ఇంకో ఏడాదిలో దిగిపోయే మనిషి. మాట తక్కువ. వానత్తని చూసి లేచి నిలబడి కుర్చీ చూపించారు, శుక్రవారం సభ గురించి వచ్చిందనుకున్నారు. ఆవిడ కూర్చోలేదు. రిజిస్టరు ఆయన బల్ల మీద పెట్టి, ఆ పేజీ తెరిచి, తను ఏం చేసిందో ఉన్నదున్నట్టు చెప్పింది. వదినగారి పేరెత్తలేదు. ఎందుకు రాలేదని ఆయన అడిగితే, వేరే పనిలో ఉన్నానంది.

ఇంజినీరమ్మ ఆ వేరే పని ఏమిటో చెప్పింది. ఆవిడ ఆపమన్నా ఆగలేదు.

పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన గదమాయించలేదు, ఓదార్చలేదు. బకెట్ల లెక్క అడిగి తీసుకుని తనే ఒకసారి భాగించి చూసుకున్నారు. కాలవ వంతెన మీద వరద మరక రెండువందల వానకి అంత ఎత్తున ఎందుకుందా అని తనకీ ఒకసారి అనుమానం వచ్చిందనీ, మరక తప్పేమోనని సరిపెట్టుకున్నాననీ చెప్పారు.

"ఆ అంకె మీద నేను ఏడు సంతకాలు పెట్టానమ్మా. మీరొక్కటే పెట్టారు" అన్నారు వానత్తతో.

వానత్త ఆయన పెన్ను అడిగి తీసుకుంది. రెండువందల మీద అడ్డంగా ఒక గీత గీసింది, కింద అంకె కనబడేట్టు. పక్కన 'సీసా పొంగింది, కొలత తెలియదు, పదకొండు గంటలకు చూశాను' అని రాసింది. ఇవాళ్టి తేదీ వేసి, పొట్టిగా కాకుండా నిండు సంతకం పెట్టింది. పెన్ను మూత పెట్టి ఇచ్చేసింది. సన్మానం సంగతి ఆవిడే ఎత్తింది. ఆ పూట మైకు తనకిస్తే ఇదే మాట అందరికీ చెప్పేస్తానని, లేకపోతే రానని చెప్పింది.

గోడ ఇంకా ఎంత లేపాలని పెద్దాయన అడిగారు. మూడడుగులో నాలుగడుగులో, మళ్లీ లెక్క కడితే గానీ చెప్పలేనంది ఇంజినీరమ్మ. లెక్కకి నెల, పనికి ఏడాది. అప్పటిదాకా ఆ అరవై ఇళ్లలోకి ఎవరూ వెళ్లకుండా ఆపితే చాలు. శుక్రవారం తాళాలు ఇవ్వకుండా ఉంటే చాలు, మిగతాది నెమ్మదిగా సర్దుకోవచ్చు అని ఆమె దారిపొడవునా అనుకుంటూ వచ్చింది. ఆ మాటే చెప్పింది.

పెద్దాయన బల్ల మీది కళ్లజోడు పెట్టుకుని, మళ్లీ తీశారు.

"వాతావరణ శాఖ నుంచి నిన్న సాయంత్రం కబురొచ్చింది. గురువారం నుంచి భారీ వర్షాలట. తాత్కాలిక షెడ్లలో ఉన్నవాళ్లు వానలో తడుస్తూ సామాన్లు మోసుకోవడం ఎందుకని, ఇవాళ పొద్దున్నే తాళాలు ఇచ్చేయమన్నాను" అన్నారు. "మేలు చేస్తున్నాననే అనుకున్నాను."

ఆఫీసు జీపులో పది నిమిషాల దారి. అత్తా మేనకోడలూ వెంటనే ఆ ఇళ్ల దగ్గరికి బయల్దేరారు. కొత్త కాలనీ మలుపు దగ్గర రెండు లారీలు ఆగి ఉన్నాయి. మంచాలు, బీరువాలు, చుట్టచుట్టిన పరుపులు దిగుతున్నాయి. గోడ తెల్లగా, నున్నగా, మనిషికి రెండింతల ఎత్తున నిలబడి ఉంది. చూసిన ఎవరికైనా అది చాలుననిపిస్తుంది.

మొదటి ఇంటి తలుపు తీసే ఉంది. లోపల పల్లపు వీధి దర్జీ ఆవిడ కుట్టుమిషను కిటికీ పక్కన సర్దుకుంటోంది. వరదలో పాత మిషను పోయాక ఏడాదిన్నర చేత్తో కుట్టి బతికిన మనిషి. వానత్తని చూడగానే ముఖం వెలిగిపోయింది.

"రా అత్తా, మా ఇంటికి నువ్వే మొదటి చుట్టానివి. ఎండ ఎటు పడుతుందో చూసి చెప్పు, మిషను ఇటు పెట్టాలా అటా?" అంది. గడప దాటని వానత్తని చూసి, మళ్లీ అంది. "మా ఆయన కాలవ పక్కన వద్దన్నాడు. నేనే అన్నాను, ఈ గోడ వానత్త అంకె చూసి కట్టారు, ఆవిడ అంకె ఎన్నడైనా తప్పిందా అని."

వానత్త గడప బయటే మెట్టు మీద కూర్చుంది. ఇంజినీరమ్మ పక్కన నిలబడింది.

"ఆ అంకె తప్పమ్మా. నేనే తప్పు రాశాను" అంది వానత్త.

దర్జీ ఆవిడ చెయ్యి మిషను చక్రం మీద అలాగే ఉండిపోయింది. వానత్త ఆగకుండా, గొంతు పెంచకుండా చెబుతూ పోయింది. సీసా సంగతి, బకెట్ల సంగతి, గురువారం వాన సంగతి. పక్కింట్లో సామాన్లు మోస్తున్న వాళ్లు ఆగి విన్నారు. ఆ పక్కింటి వాళ్లు వచ్చారు. లారీ మీదున్నవాళ్లు దిగి వచ్చారు. ఎవరూ అరవలేదు. కొందరు గోడ కేసి చూశారు, కొందరు అప్పుడే బిగించిన తమ తలుపుల కేసి చూశారు.

దర్జీ ఆవిడ భర్త అప్పుడే లారీ నుంచి చివరి పెట్టె దించి తెచ్చాడు. దాన్ని కింద పెట్టకుండా, భుజం మీదే ఉంచుకుని, వానత్తని కాదు, ఇంజినీరమ్మని అడిగాడు.

"మేం వదిలొచ్చిన షెడ్లు పొద్దున్నే పీకేశారు మేడమ్. ఇంకో గంటలో లారీలు వెళ్లిపోతాయి. ఇప్పుడు మమ్మల్ని ఎక్కడికి పొమ్మంటారు?"